షవూత్ పండక్కి చీజ్ బోరెకాస్ ఇంట్లో చేయడం ఎలా?

చెల్లీ, నీ ప్రశ్న చదివాను. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేరి మూడు నెలలే అయింది, నువ్వు చూసుకునే పెద్దావిడ యూదుల పండగ షవూత్‌కి చీజ్ బోరెకాస్ ఇంట్లోనే కావాలంటోంది, ఓవెన్ ఎప్పుడూ వాడలేదు, కోషెర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) వంటగదిలో ఏం తప్పు చేస్తానో అని టెన్షన్‌గా ఉంది అన్నావు. నేను బాత్ యామ్‌లో ఒక సవ్తా (హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ అని) దగ్గర ఆరేళ్లు పనిచేశాను. వాళ్ల కుటుంబం టర్కీలోని ఇజ్మీర్ నుంచి వచ్చింది. ఆరు షవూత్‌లకీ బోరెకాస్ మేమిద్దరం కలిసే చేశాం. నాకు తెలిసిందంతా చెబుతాను.

ముందుగా ధైర్యం తెచ్చుకో. నీకు కజ్జికాయలు చేయడం వస్తే బోరెకా సగం వచ్చినట్టే. పిండిని గుండ్రంగా వత్తడం, మధ్యలో స్టఫింగ్ పెట్టడం, అర్ధచంద్రంలా మడిచి అంచు అల్లడం అన్నీ అవే. లోపల కొబ్బరి, బెల్లం బదులు బంగాళాదుంప, చీజ్ ఉంటాయి. నూనెలో వేయించకుండా ఓవెన్‌లో కాలుస్తాం. మొదటిసారి నేను అంచు అల్లి చూపిస్తే సవ్తా నా చెయ్యి పట్టుకుని, ఇది నీకెవరు నేర్పారని అడిగింది. మా అమ్మ అన్నాను.

పండగ గురించి కొంచెం తెలిస్తే ఆవిడ ఎందుకంత పట్టుబడుతోందో నీకు అర్థమవుతుంది. షవూత్ అంటే మన తెలుగు బైబిల్లో ఉన్న వారముల పండుగే. పస్కా రెండో రాత్రి నుంచి 49 రోజులు లెక్కపెట్టి, 50వ రోజున చేస్తారు. గోధుమ కోతల కాలం అది. సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందిన రోజు కూడా అదేనని వాళ్ల నమ్మకం. ఆ రోజు పాల వంటలు ఎందుకంటే చాలా కారణాలు చెబుతారు. మా సవ్తా రెండు చెప్పేది. ధర్మశాస్త్రం అందగానే మాంసం గురించి కొత్త నియమాలు వచ్చాయట, పాత పాత్రలు పనికిరాకుండా పోయాయట, అందుకని ఆ రోజుకి పాలతో సరిపెట్టుకున్నారట. రెండోది నాకు భలే నచ్చింది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. పాలను ‘ఖలవ్’ అంటారు. అందులోని మూడు అక్షరాలు 8, 30, 2 కలిపితే 40 వస్తుంది. మోషే కొండ మీద ఉన్న రోజులు 40. ఇది చెప్పేటప్పుడు ఆవిడ ప్రతి ఏడూ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించేది.

బోరెకా కథ వేరే ఉంది. 1492లో స్పెయిన్ నుంచి యూదుల్ని వెళ్లగొట్టినప్పుడు చాలామంది ఒట్టోమన్ సామ్రాజ్యంలోని సలోనికా, ఇస్తాంబుల్, ఇజ్మీర్ లాంటి ఊళ్లకు చేరారు. అక్కడి తుర్కుల ‘బోరెక్’ వీళ్ల వంటింట్లోకి వచ్చి ‘బోరెకా’ అయింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఆ కుటుంబాల్లో చాలా ఇక్కడికి వచ్చేశాయి, బోరెకా కూడా వాళ్లతో వచ్చింది. ఇప్పుడు బేకరీల్లో పొరలు పొరలుగా ఉండే పఫ్ పేస్ట్రీతో చేస్తున్నారు. పాత ఇళ్లలో మాత్రం నూనె, నీళ్లు, మైదాతో కలిపిన పిండే వాడతారు. మీ పెద్దావిడ ఏది చిన్నప్పటి నుంచి తిందో ముందు అడుగు. ఇది అడగకుండా మొదలుపెట్టకు. ఎంత బాగా చేసినా, ఆవిడ మనసులో ఉన్నది అది కాకపోతే రెండు ముక్కలు తిని పక్కన పెట్టేస్తుంది.

ఇక వంటగది సంగతి. పాలూ మాంసమూ కలపకూడదు కాబట్టి పాల సామాను, మాంసం సామాను వేరుగా ఉంటాయని ఈ మూడు నెలల్లో నీకు తెలిసే ఉంటుంది. మా ఇంట్లో పాలవాటికి నీలం చుక్క, మాంసంవాటికి ఎర్ర చుక్క. మొదటి ఏడాది తొందరలో ఎర్ర చుక్క చెంచాతో చీజ్ కలిపేశాను. చూసుకునేసరికి కాళ్లలో వణుకు వచ్చింది. దాచకుండా వెంటనే చెప్పాను. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసింది, ఆయన వాళ్ల మతగురువు రబ్బీని అడిగారు. చెంచా శుభ్రంగా ఉంది, దుంపలు చల్లారి ఉన్నాయి కాబట్టి చెంచా చన్నీళ్లతో కడిగితే చాలన్నారు. నీకూ ఎప్పుడైనా ఇలా జరిగితే నీ అంతట నువ్వు నిర్ణయించకు, గుట్టుగా కడిగి పెట్టేయకు. వెంటనే చెప్పు. నమ్మకం నిలబడేది అక్కడే.

పిండిని తప్పకుండా జల్లెడ పట్టు, పురుగు ఉండకూడదు. గుడ్లు ఒక్కొక్కటీ విడిగా గాజు గ్లాసులో కొట్టి చూడు. రక్తపు చుక్క కనిపిస్తే ఆ గుడ్డు పారేస్తారు. చీజ్ ప్యాకెట్ మీద కోషెర్ ముద్ర ఉండాలి. ఓవెన్ ఒకటే ఉంటే, అందులో మాంసం వండిన తర్వాత పాల వంటకి ఎలా వాడుకోవాలో ఆ ఇంటివాళ్లనే అడుగు, ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చాలా ఇళ్లలో, ముఖ్యంగా సెఫర్దీ (స్పెయిన్ నుంచి వచ్చిన యూదుల వంశాల) ఇళ్లలో, యూదులు కానివాళ్లు మొత్తం తామే వండిన వంట తినరు. ఓవెన్ వెలిగించడం, ట్రే లోపల పెట్టడం లాంటివి వాళ్ల చేత్తో జరగాలి. మా సవ్తా వాకర్ పట్టుకుని వంటగదిలోకి వచ్చి ఓవెన్ బటన్ తనే తిప్పేది. ట్రే నేను పట్టుకుంటే ఆవిడ తన చెయ్యి వేసి లోపలికి తోసేది. మొదట్లో నన్ను వేరుగా చూస్తున్నారనుకుని బాధపడ్డాను. తర్వాత తెలిసింది, అది ఎప్పటి నుంచో వస్తున్న నియమం, నా మీద చిన్నచూపు కాదు. పైగా దానివల్ల ఆవిడ రోజూ వంటగదిలోకి నడిచి వచ్చేది. ఆ నడక ఆవిడ మోకాళ్లకి చాలా మేలు చేసిందని నా నమ్మకం.

ఇప్పుడు చేసే పద్ధతి. ఇరవై బోరెకాస్‌కి నూనె అర కప్పు, గోరువెచ్చని నీళ్లు అర కప్పు కంటే కాస్త ఎక్కువ, ఉప్పు అర టీస్పూను. ఈ మూడూ గిన్నెలో వేసి, మైదా కొంచెం కొంచెంగా కలుపుతూ పో. రెండున్నర నుంచి మూడు కప్పులు పడుతుంది. పిండి గిన్నెకు అంటుకోకుండా ముద్దగా వస్తే ఆపెయ్. చపాతీ పిండిలా మర్దించకు. ఎక్కువ పిసికితే సాగి, వత్తినప్పుడు వెనక్కి ముడుచుకుంటుంది, కాలాక గట్టిపడుతుంది. చేతికి మెత్తగా, కాస్త జిడ్డుగా తగలాలి. మూతపెట్టి అరగంట ఉంచు.

స్టఫింగ్ దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి. రెండు పెద్ద బంగాళాదుంపలు తొక్కతో ఉడికించి, వేడి మీద తొక్క తీసి మెదుపు. పూర్తిగా చల్లారాక 200 గ్రాముల బుల్గరిత్ చీజ్ (ఉప్పగా, పుల్లగా ఉండే తెల్ల చీజ్) చేత్తో పొడిపొడిగా చేసి వెయ్యి. షాపులో 5, 16, 24 శాతం కొవ్వుతో దొరుకుతుంది, 5 శాతంది తీసుకోకు, రుచి రాదు. తురిమిన కష్కవల్ (గట్టి పసుపు చీజ్) గుప్పెడు, గుడ్డు ఒకటి, మిరియాల పొడి వేసి కలుపు. ఉప్పు వేయొద్దు, చీజ్‌లోదే ఎక్కువ. మీ పెద్దావిడకి బీపీ ఉంటే చీజ్ ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, నీళ్లు పారబోసి, బట్టతో ఒత్తి వాడు. నేను ఎప్పుడూ అలాగే చేసేదాన్ని.

ఒకసారి బుల్గరిత్ చాలలేదని డబ్బాలో వచ్చే తెల్ల మెత్తటి చీజ్, గ్వినా లవనా, కలిపాను. ఓవెన్‌లో నీరు వదిలి, అంచులు విచ్చుకుని, సగం ట్రే పాడైంది. స్టఫింగ్ ముద్ద చేత్తో పట్టుకుంటే ఉండలా నిలవాలి. నిలవకపోతే ఇంకో దుంప కలుపు, పిండి మాత్రం వేయకు. పాలకూర పెట్టాలనుకుంటే ఉప్పు చల్లి, నీరంతా పిండేశాకే వెయ్యి. వంకాయ అయితే మనం పచ్చడికి కాల్చినట్టే మంట మీద కాల్చి, చిల్లుల గిన్నెలో వేసి గంటసేపు నీరు కారనివ్వాలి. నాకు అన్నిటికంటే ఈ వంకాయ బోరెకానే ఇష్టం, ఆ కాల్చిన వాసనకి మా ఊరు గుర్తొచ్చేది.

పిండిని చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, అప్పడాల కర్రతో అరచేయి వెడల్పున వత్తు. మరీ పల్చగా వద్దు. మధ్యలో ఒక పెద్ద చెంచా స్టఫింగ్ పెట్టి, మడిచి, అంచు నొక్కి, కజ్జికాయలా అల్లు. ఈ అల్లే పని మీ పెద్దావిడకి ఇవ్వు. మా సవ్తాకి చేతులు వణికేవి, చెంచా కూడా సరిగ్గా పట్టుకోలేకపోయేది, కానీ బోరెకా అంచు మాత్రం నిదానంగా, చక్కగా అల్లేది. అల్లుతున్నంతసేపూ వాళ్లమ్మ గురించి స్పెయిన్ నుంచి వచ్చిన యూదుల లదీనో భాషలో ఏదో మాట్లాడుకునేది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా వింటూ కూర్చునేదాన్ని.

పైన గుడ్డు సొన పూసి, నువ్వులు గానీ కష్కవల్ తురుము గానీ చల్లి, 180 డిగ్రీల్లో 30 నుంచి 35 నిమిషాలు కాల్చాలి. అడుగు తిప్పి చూడు, బంగారు రంగు వస్తే అయినట్టే. పైన ఎర్రబడి అడుగు తెల్లగా ఉంటే ట్రే కింది అరలోకి మార్చు.

ఆవిడ బేకరీ రకమే కావాలంటే షాపులో ఫ్రీజర్‌లో ‘బత్సెక్ అలిమ్’ (పఫ్ పేస్ట్రీ పిండి) అని అడుగు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి కరిగించు, బయట పెట్టకు. చల్లగా ఉండగానే కోసి, మడిచి, 200 డిగ్రీల్లో కాల్చు. చీజ్‌దైతే త్రికోణంగా మడువు. బేకరీల్లో కూడా మామూలుగా చీజ్‌వి త్రికోణంగా, చీజ్ లేని బంగాళాదుంపవి చతురస్రంగా చేస్తారు. మాంసం తిన్నవాళ్లు పొరపాటున పాల బోరెకా తినకుండా ఆకారమే చెప్పేస్తుంది. నువ్వు ఇంట్లో రెండు రకాలూ చేస్తే ఈ తేడా తప్పకుండా పాటించు.

సమయం సంగతి కూడా చూసుకో. పండగ సాయంత్రం సూర్యాస్తమయానికి మొదలవుతుంది. ఆ తర్వాత ఓవెన్ వెలిగించడం, ఆర్పడం ఉండదు. అందుకే మధ్యాహ్నానికే కాల్చడం ముగించాలి. మా ఇంట్లో మరునాడు ప్లాటా (వంటలు వెచ్చబెట్టే కరెంటు పళ్లెం) మీద పెట్టి వెచ్చబెట్టేవాళ్లం, మళ్లీ కరకరలాడేవి. వారం ముందే చేసుకోవాలంటే పచ్చివే ట్రే మీద విడివిడిగా పెట్టి గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేసి ఫ్రీజర్‌లో దాచు. కాల్చేటప్పుడు కరిగించకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి, ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ ఉంచు.

పక్కన తురిమిన టమాటా, ఉప్పులో ఊరిన దోసకాయ, గోధుమరంగు గుడ్లు పెడతారు. ఆ గుడ్లకి ఉల్లిపొట్టు బాగా వేసి, సన్న మంట మీద ఐదారు గంటలు ఉడికించాలి. నెల ముందు నుంచే ఉల్లిపొట్టు దాచిపెట్టుకో.

నేను కోనసీమకి తిరిగొచ్చి రెండేళ్లయింది. ఇక్కడ బుల్గరిత్ దొరకదు. పనీర్ 150 గ్రాములు చిదిమి, బట్టలో కట్టి నీరు తీసిన పుల్ల పెరుగు రెండు చెంచాలు, ఉప్పు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఆ పులుపు, ఉప్పదనం దగ్గరగా వస్తాయి. మొన్న వేసవిలో చేసినప్పుడు అంచు అల్లింది మా అమ్మ. ఫోటో తీసి సవ్తా కొడుక్కి పంపాను. ఆవిడకి చూపించానని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఆ అంచునే చూస్తూ ఉందని ఆయన రాశారు.