మీ ప్రశ్న – మా జవాబు: అమ్మ పేరు మీద ఆశ్రమం కట్టాలా?

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్లుగా ఆఫ్రికా దక్షిణాన ఉన్న ఎస్వాతినీలో (ఒకప్పటి స్వాజీలాండ్), మంజినీ ఊళ్లో ఉంటున్నాం. రోజూ చుట్టుపక్కల పిల్లలు గిన్నెలు పట్టుకుని ఒక రేకుల షెడ్డు దగ్గరికి వెళ్తారు, అక్కడ ఆడవాళ్లు వండి పెడతారు. వాళ్లలో చాలామంది అనాథలని మా ఇంట్లో పనిచేసే ఆవిడ చెప్పింది. పోయినేడాది మా అమ్మ చనిపోయింది. ఆమె పేరు మీద ఇక్కడ చిన్న అనాథాశ్రమం కట్టించాలని నాకూ మా అన్నయ్యకూ ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, మంజినీ

జవాబు: మొదలుపెట్టొద్దమ్మా. అమ్మ పేరు నిలబెట్టాలన్న కోరిక మంచిదే, నా పేచీ అంతా ఆ భవనంతోనే. షెడ్డు దగ్గర తిన్న పిల్లలు సాయంత్రం ఎక్కడికి పోతారో ఒకసారి కనుక్కోండి. చాలామంది ఏదో ఒక ఇంటికే పోతారు. ఆ ఇంట్లో ఒక గోగో, అంటే అమ్మమ్మో నానమ్మో ఉంటుంది, లేదంటే పిన్నో పెద్దమ్మో, ఒక్కోసారి జబ్బుతో ఉన్న కన్నతల్లే ఉంటుంది, తండ్రి దక్షిణాఫ్రికా గనుల్లో పనికి పోయి ఉంటాడు. యూనిసెఫ్ లెక్కల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా అనాథ కిందే రాస్తారు, కాబట్టి అనాథ అనగానే నా అన్నవాళ్లు లేని బిడ్డ అనుకోవద్దు.

ఇప్పుడు అదే ఊళ్లో మంచాలూ, మూడు పూటలా భోజనమూ, బడి ఫీజూ ఇచ్చే ఆశ్రమం లేచిందనుకోండి. రెక్కాడితే గానీ డొక్కాడని ఆ గోగో ఏం చేస్తుంది? మనవళ్లలో ఇద్దరినైనా తీసుకొచ్చి అక్కడ వదులుతుంది, ఆమెను తప్పుపట్టడానికి లేదు. అంటే మీరు డబ్బు పెట్టి, ఇల్లున్న పిల్లల్ని ఇల్లు లేనివాళ్లను చేసినట్టు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నది ఇందుకే.

మీరు చూసే ఆ షెడ్డు సంగతి చెబుతాను. ఎస్వాతినీలో పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ప్రపంచంలో ఇంత ఎక్కువ ఇంకెక్కడా లేదు. మందులు సరిగా అందని రోజుల్లో నడివయసు వాళ్లు పోయి, ఎన్నో ఇళ్లలో ముసలివాళ్లూ పిల్లలే మిగిలారు. 2000 తర్వాత తొలి ఏళ్లలో అక్కడి ఆడవాళ్లు వంతులేసుకుని ఈ పిల్లలకు వండి పెట్టే ఏర్పాటు మొదలై, యూనిసెఫ్, ప్రపంచ ఆహార కార్యక్రమం సాయంతో దేశమంతా పాకింది. నైబర్‌హుడ్ కేర్ పాయింట్లంటారు వీటిని, 1,500కు పైగానే ఉన్నాయి. తిండి పెట్టడమే కాదు, చిన్నపిల్లలకు ఆటపాటలూ అక్షరాలూ అక్కడే, ఎవరైనా రెండ్రోజులు రాకపోతే ఇంటికెళ్లి ఎందుకు రాలేదని అడిగేదీ ఆ ఆడవాళ్లే. మన అంగన్‌వాడీ లాంటిదే, కాకపోతే వండే ఆవిడకు చాలాచోట్ల జీతం లేదు.

చిక్కంతా అక్కడే వస్తుంది. మొక్కజొన్న పిండీ బీన్సూ రాని నెలలో పొయ్యి వెలగదు. నీళ్లు దూరం నుంచి మోసుకురావాలి, కట్టెలు ఏరుకురావాలి, వండే ఆవిడకు కూడా ఇంట్లో పిల్లలుంటారు కదా. అందుకని ముందు ఆ ఆడవాళ్ల దగ్గర కూర్చుని ఏ నెలలో ఏం తక్కువ పడుతోందో అడగండి, ఊరి పెద్దకు ఒక మాట చెప్పండి. నీళ్ల ట్యాంకు, కట్టెలు తక్కువ పట్టే పొయ్యి, వండేవాళ్లకు నెలనెలా ఎంతో కొంత, వీటికి మీ అన్నయ్య ఒకేసారి పెద్ద మొత్తం పంపడం కన్నా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పంపడం మేలు. అమ్మగారి పేరు ట్యాంకు మీద రాయించుకోండి, ఎవరూ కాదనరు. పుట్టినరోజుకి కేకు కోసి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టే అలవాటు మనకొకటి ఉంది చూశారూ, దాన్ని మాత్రం దేశం దాటించకండి.

ప్రశ్న: ఆఫ్రికా అనగానే స్వచ్ఛంద సంస్థల మాటే వింటాం. అక్కడి ప్రభుత్వాలు ఏమీ చేయవా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఎందుకు చేయవండీ! దక్షిణాఫ్రికా 1998లో పేద పిల్లలకు నెలనెలా డబ్బిచ్చే పథకం పెట్టింది, అప్పట్లో 100 రాండ్లు (రాండ్ అక్కడి కరెన్సీ), ఏడేళ్ల లోపు వాళ్లకే. ఇప్పుడు 18 ఏళ్ల వరకూ ఇస్తున్నారు, 2025 ఏప్రిల్‌లో అది 560 రాండ్లకు పెరిగింది, కోటి మందికి పైగా పిల్లలకు అందుతోంది. మలావీ లాంటి పేద దేశం కూడా 2006లో మ్చింజీ జిల్లాలో మొదలుపెట్టి, అట్టడుగున ఉన్న కుటుంబాలకు నగదు ఇస్తోంది.

అయితే పథకం కాగితం మీద ఉంటే సరిపోదు. అమ్మ పోయింది, పుట్టిన సర్టిఫికెట్ లేదు, ఇంట్లో పెద్ద అంటే పదహారేళ్ల అక్కే. ఆమె ఏ ఆఫీసుకని తిరుగుతుంది? అక్కడే దక్షిణాఫ్రికాలోని ఇసిబిండి లాంటి కార్యక్రమం పనికొస్తుంది. అదే వాడలో మనిషికి శిక్షణ ఇచ్చి పిల్లల ఇళ్లకు పంపుతారు. కాగితాలు చేయించడం, వంట, హోంవర్కు, చిన్నవాళ్ల గొడవలు తీర్చడం, అన్నీ ఆ మనిషి పనే. జింబాబ్వేలో 2004లో మొదలైన జ్వాందిరి అనే కార్యక్రమంలో అయితే హెచ్‌ఐవీతో బతుకుతున్న యువతీయువకులే తమలాంటి పిల్లల ఇళ్లకెళ్లి మందులు మానకుండా చూస్తారు. డాక్టరు పదిసార్లు చెప్పినా వినని పిల్లాడు, నేనూ ఇదే మాత్ర వేసుకుంటున్నా అని ఇంకో కుర్రాడు చెబితే వింటాడు.

ఇలాంటి కార్యక్రమాల్లో చాలావాటికి డబ్బు మాత్రం బయటిదే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే ఇలా ఇంటింటికీ తిరిగేవాళ్లు ఎంతోమంది ఉన్నపళంగా పని పోగొట్టుకున్నారు. మీ ప్రశ్న అడగాల్సింది నిజానికి అప్పుడు.

ప్రశ్న: బీటెక్ అయిపోయింది. కేప్‌టౌన్‌లో అనాథ పిల్లలతో రెండు వారాలు గడిపే వాలంటీర్ ప్యాకేజీ ఒకటి చూశాను, డబ్బు మనమే కట్టాలి. వెళ్లనా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కేప్‌టౌన్ చూడాలనుంటే హాయిగా చూసి రా బాబూ, టేబుల్ మౌంటెన్ ఎక్కు. పిల్లల జోలికి పోకు. నువ్వు వెళ్లిన వారానికే వాళ్లు నీకు అలవాటు పడతారు, ఇంకో వారానికి నువ్వు విమానం ఎక్కుతావు, వెంటనే ఇంకొకరు దిగుతారు. ఇలాంటి టూర్ల గురించి 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంలోనే హెచ్చరించింది. ఆ ప్యాకేజీ వాళ్లు నిన్ను పోలీసు వెరిఫికేషన్ అడిగారా? అడగలేదంటే, నీకంటే ముందు వెళ్లినవాళ్లనూ అడిగి ఉండరు.