‘మొదటే వచ్చింది కదా!’ అంటే ఏం చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. మూడూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: ఒంట్లో బాగోలేనప్పుడు ఇంటర్నెట్‌లో వెతకడం, అక్కడ ఎదురయ్యే ప్రకటనలు. ఇరవై ఏళ్లుగా నేను పాఠం చెబుతున్నదీ, పరిశోధన చేస్తున్నదీ ఈ విషయం మీదే.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి 63 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. ఫోన్‌లో ఏదో పొడి ప్రకటన చూసి తెప్పించుకుని, మాకు చెప్పకుండా మాత్రలు మానేసింది. మూడు వారాల తర్వాత కళ్లు తిరిగి పడిపోతేగానీ మాకు తెలియలేదు. ఇప్పుడు మళ్లీ మాత్రలు వేసుకుంటోంది. ఎందుకలా చేశావని అడిగితే, ‘వెతకగానే మొదటే వచ్చింది కదా, అబద్ధమైతే అక్కడెందుకు పెడతారు?’ అంటోంది. కోప్పడ్డాను. అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆమెకి ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. ఆ పొడి ఇంకా మిగిలి ఉంటే డబ్బాతో సహా డాక్టరుకి చూపించండి. ఇలా అమ్మే కొన్ని పొడుల్లో, పైన పేరు రాయకుండా షుగర్ మందే కలిపిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆ సంగతి డాక్టరుకి తెలియాలి.

ఇక మీ అమ్మగారి మాట. దాన్ని అమాయకత్వం అనకండి. మనం చేసేదీ అదే. 2002లో జర్మనీకి చెందిన గుంథర్ ఐసెన్‌బాఖ్, క్రిస్టియన్ కోలర్ అనే పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం చేశారు. నా విద్యార్థులకు మొదటి క్లాసులో నేను చెప్పేది దీని గురించే. ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారాన్ని ఎలా నమ్ముతారని కొంతమందిని కూర్చోబెట్టి అడిగితే, ఎవరు రాశారో చూస్తామనీ, అధికారిక సంస్థదా కాదా చూస్తామనీ చెప్పారు. తర్వాత 17 మందికి కొన్ని ఆరోగ్య ప్రశ్నలిచ్చి, కంప్యూటర్లో జవాబులు వెతకమని పక్కనుంచి గమనించారు. సగటున 5 నిమిషాల 42 సెకన్లలో జవాబు దొరికించుకున్నారు. ఆ సైటు ఎవరిదో చెప్పే పేజీని మాత్రం ఒక్కరంటే ఒక్కరు కూడా తెరవలేదు. ఆ సమాచారం ఏ సైటులో చదివారని తర్వాత అడిగితే, గుర్తున్నవాళ్లు చాలా తక్కువ.

ఇది చదివిన చాలా ఏళ్లకి మా ఇంట్లోనే చూశాను. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ‘ఎవరు చెప్పారో చూసుకుంటావా అమ్మా?’ అని ఒకరోజు అడిగితే, ‘చూడకుండా నమ్ముతానా!’ అంది. మర్నాడు మధ్యాహ్నం పక్కనే కూర్చున్నాను. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి ‘మోకాళ్ల నొప్పి పోవాలంటే’ అంది. పైన వచ్చినదాన్ని తాకింది. అది ప్రకటన. ‘ఈయన ఎవరు?’ అని అడిగాను. ‘తెల్ల కోటు వేసుకున్నాడు కదా’ అంది. మా అమ్మ నాకు అబద్ధం చెప్పలేదు. చూస్తున్నాననే అనుకుంది. ఆమె చూపు ఆగింది కోటు దగ్గర. అంతే.

‘మొదటే వచ్చింది’ అన్న మాటకి జవాబు ఇలా చెప్పి చూడండి. మనం ఒక మాట వెతికిన ప్రతిసారీ, పేజీ తెరుచుకునేలోపు పైనున్న ప్రకటన చోటుకి వేలం జరుగుతుంది. ఎవరు ఎంత ఇస్తామన్నారన్నదే కాక, జనం ఆ ప్రకటనని నొక్కే అవకాశం ఎంత ఉందో కూడా లెక్క వేస్తారు. అంటే నొక్కాలనిపించేలా రాయగలిగినవాళ్లకి పైచోటు దొరకడం తేలిక. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది ఆ వేలం తేల్చదు. కొన్ని కంపెనీలు కొన్ని రకాల వైద్య ప్రకటనల్ని అసలు తీసుకోవు. గూగుల్ 2019లో, రుజువు లేని స్టెమ్‌సెల్ (మూలకణాల) చికిత్సలవంటి వాటి ప్రకటనల్ని నిషేధించింది. నియమం రాసుకున్నంత మాత్రాన ప్రతి ప్రకటననీ ఎవరో డాక్టరు చదివి వదులుతున్నారని కాదు.

‘ప్రకటన’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది కదా అని మీరు అనవచ్చు. జర్మనీలోనే డిర్క్ లెవాన్‌డోవ్‌స్కీ అనే పరిశోధకుడి బృందం వెయ్యిమందికి వెతుకులాట ఫలితాల పేజీలు చూపించి, ఏది ప్రకటనో ఏది కాదో గుర్తుపెట్టమంది. అన్నీ సరిగ్గా గుర్తించినవాళ్లు అతి కొద్దిమంది. వార్తలా కనిపించేలా రాసిన ప్రకటనల మీద అమెరికాలో బార్టొష్ వోజ్‌దిన్‌స్కీ, నథానియల్ ఎవాన్స్ 2016లో ప్రచురించిన ప్రయోగంలోనూ, అది ప్రకటన అని పసిగట్టినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. కాబట్టి తప్పు మీ అమ్మగారి కంటిది కాదు.

చెప్పే పద్ధతి మార్చండి. ఆమె వెతుకుతున్నప్పుడు పక్కన కూర్చోండి. ఫోన్ లాక్కోకండి. పేజీ తెరిచాక అందులోనే కిందికి చదువుకుంటూ పోకుండా, ఆ పేరునే పట్టుకుని ఇంకోచోట వెతకడం చూపించండి: ‘ఈ కంపెనీ గురించి వేరేవాళ్లు ఏమన్నారో చూద్దాం’. అమెరికాలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన పరిశోధనలో పీహెచ్‌డీలున్న చరిత్రకారులు, చురుకైన స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కూడా పేజీ అందంగా ఉంటే, పేరు పెద్దదిగా ఉంటే మోసపోయారు. వార్తల నిజానిజాలు తేల్చే వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రం వచ్చిన పేజీని వదిలేసి వెంటనే ఇంకోచోటికి వెళ్లి, దాని వెనక ఎవరున్నారో కనుక్కున్నారు. అదొక అలవాటు. చదువుతో సంబంధం లేదు. మా అమ్మకి నాలుగైదుసార్లు కలిసి చేశాక వచ్చింది.

మాత్రలు ఎందుకు మానాలనిపించిందో కూడా అడగండి. మాత్రలతో ఏదైనా ఇబ్బంది ఉండి, అది చెప్పుకోవడానికి ఎవరూ దొరకకే ఆ ప్రకటన దగ్గరికి వెళ్లి ఉండవచ్చు.

ప్రశ్న: నాకు చర్మవ్యాధి ఉంది. దాని గురించి ఒక సైటులో చదివాను, ఒక స్నేహితురాలితో మాట్లాడాను. అప్పట్నుంచి ఎక్కడ చూసినా ఆ క్రీముల ప్రకటనలే. ఫోన్ మా మాటలు వింటోందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వారు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. దొంగచాటుగా మైకు తెరిచి మాటలు పంపుతున్న ఆధారం వాళ్లకి దొరకలేదు. కొన్ని యాప్‌లు తెర మీద జరిగేదాన్ని చిత్రాలుగా, వీడియోగా బయటికి పంపడం మాత్రం కనిపించింది.

మీ విషయంలో ఎక్కువగా అనుమానించాల్సింది మీరు చదివిన ఆ పేజీనే. ఒక పేజీలో ఆ సైటువాళ్లది కాని ముక్కలు చాలా ఉంటాయి: ప్రకటనలు, ఎంతమంది చూశారో లెక్కలు తీసే కోడ్, షేర్ బటన్లు. పేజీ తెరుచుకునేటప్పుడు మీ బ్రౌజర్ వాటినన్నిటినీ వేర్వేరు కంపెనీల నుంచి అడిగి తెస్తుంది. మీరు ఏ పేజీలో ఉన్నారో కూడా ఆ అడగడంలోనే వాళ్లకి తెలిసిపోవచ్చు. టిమ్ లిబర్ట్ అనే పరిశోధకుడు 2015లో ఆరోగ్యానికి సంబంధించిన 80 వేల పేజీలను పరీక్షిస్తే, 91 శాతం పేజీలు ఇలా బయటి కంపెనీలను అడుగుతున్నాయి. ఆ అడిగినవాటిలో 70 శాతంలో వ్యాధి పేరో, లక్షణమో, చికిత్సో ఆ పేజీ వెబ్ చిరునామాలోనే ఉంది. ఇప్పటి బ్రౌజర్లు ఈ దారిని కొంతవరకు మూశాయి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో బయటివాళ్ల కుకీలను (మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులను) ఆపేయండి, ఫోన్‌లో ప్రకటనల ఐడీని (ప్రకటనలవాళ్లు మీ ఫోన్‌ని గుర్తుపట్టే సంఖ్యని) తొలగించండి. మీరు చదివిన పేజీ మీ ఒంటి సంగతి ఎవరికో చెప్పడం న్యాయం కాదు. మీ భయంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మేడమ్, జర్నలిజంలో పీజీ చేస్తున్నాను. ఇంటర్నెట్ ప్రకటనలు, ఆరోగ్యం అనే అంశం మీద పీహెచ్‌డీ చేద్దామంటే, ‘అది మార్కెటింగ్ వాళ్ల పని’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు నాయనా. పైన చెప్పిన ఐసెన్‌బాఖే 2004 అక్టోబరు నుంచి 2005 మే వరకు కెనడాలో ఒక పని చేశారు. ఫ్లూ గురించి ఎంతమంది వెతుకుతున్నారో తెలిస్తే వ్యాధి ఎలా పాకుతోందో అంచనా వేయవచ్చని ఆయన ఆలోచన. ఆ లెక్క వెతుకులాట కంపెనీ చేతిలో ఉంది, బయటివాళ్లకి అందదు. అందుకని ఆయనే ఒక ప్రకటన కొన్నారు. కెనడాలో ఎవరైనా ఫ్లూ అని వెతికితే ‘మీకు ఫ్లూ వచ్చిందా?’ అన్న ప్రకటన కనిపిస్తుంది, నొక్కితే ఫ్లూ గురించి వివరించే పేజీ తెరుచుకుంటుంది. ఎంతమంది నొక్కారో ప్రకటన ఇచ్చినవారికి లెక్క వస్తుంది కదా! ఆ నొక్కుల లెక్క, తర్వాతి వారం నమోదైన ఫ్లూ కేసులతో చాలా దగ్గరగా సరిపోయింది. ఖర్చు నాలుగు వందల కెనడా డాలర్ల లోపే. ప్రకటనని కొలబద్దగా వాడుకున్న ఈ ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

జాగ్రత్త కూడా నేర్చుకోవాలి. జనం వెతుకులాటల్ని బట్టి ఫ్లూని అంచనా వేయడానికి 2008లో గూగుల్ సొంతంగా మొదలుపెట్టిన ఫ్లూ ట్రెండ్స్, 2012-13 శీతాకాలంలో అమెరికాలో ఫ్లూ లాంటి జబ్బుతో డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లని అసలు సంఖ్యకి రెట్టింపుకి పైగా అంచనా కట్టింది. 2015లో దాన్ని ఆపేశారు. వార్తల్లో ఫ్లూ గురించి ఎక్కువగా వస్తే జ్వరం లేనివాళ్లూ వెతుకుతారు. వెతుకులాట యంత్రమూ మారుతూ ఉంటుంది. ప్రకటన ద్వారా నీ సర్వేకి మనుషుల్ని పిలిచినా ఇదే చిక్కు: అందరికీ చూపమని నువ్వు చెప్పినా, నొక్కేలా కనిపించేవాళ్లకే యంత్రం ఎక్కువగా చూపుతుంది. నీ అధ్యయనంలోకి ఎవరు రాలేదన్నది రాసుకోవాలి.

అంశం ఇంకా తేల్చుకోకముందే ఒక పది మందిని ఎంచుకో. ముందు వాళ్ల అనుమతి అడుగు. ఎలా వెతుకుతారో చెప్పించుకుని రాసుకో. తర్వాత వాళ్లు నిజంగా వెతుకుతుంటే పక్కన కూర్చుని, చెయ్యి ఎక్కడ ఆగిందో, ఏది దాటేసిందో ఇంకో పేజీలో రాసుకో. ఆ రెండు పేజీలూ పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లు.