1985 వానగన్‌కు సుబారు ఇంజిన్ వేయించవచ్చా?

కాలిఫోర్నియాలో 1985 ఫోక్స్‌వ్యాగన్ వానగన్ వ్యాన్ కొన్నానని, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికి వేసే సీలు) దగ్గర కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కారుతోందని, పాత ఇంజినే బాగుచేయించాలా, సుబారుది వేయించాలా అని అడిగారు. నాదీ అదే ఏడాది బండి అండీ. సుబారు వేయించి ఆరేళ్లయింది. బాడీకి తుప్పు లేకపోతే ధైర్యంగా వేయించండి.

మీ 1.9 లీటర్ల ఇంజిన్ 82 హార్స్‌పవర్‌ది. లాస్ ఏంజెలెస్ దారిలో గ్రేప్‌వైన్ అనే నిటారు కొండదారి ఎక్కేటప్పుడు నేను లారీల వెనకే మూడో గేరులో పాకేవాణ్ణి. 1990-94 సుబారు లెగసీ కార్లలోని 2.2 లీటర్ల ఈజే22 ఇంజిన్ దాదాపు 130 ఇస్తుంది. పాతదాంట్లోలాగే అందులోనూ సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి వెనక అరలో చక్కగా ఇమిడిపోతుంది. గేర్‌బాక్స్‌కూ దానికీ మధ్య అడాప్టర్ ప్లేట్ వేస్తారు. ఆ కాలపు ఈజే22లో టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కాబట్టి ఇంజిన్ లోపల దెబ్బతినదు. 2.5 లీటర్లది చవగ్గా వస్తోందని ఆశపడకండి, వాటిలో చాలావాటికి మళ్లీ హెడ్ గాస్కెట్ బాధే.

ఇంజిన్ ఒక్కటే కొనకండి. యాక్సిడెంట్ అయిన కారు మొత్తంగా దొరికితే వైరింగ్, కంప్యూటర్, సెన్సర్లు, పొగకు సంబంధించిన సామాను అన్నీ ఒకేచోట వస్తాయి. 1976 నుంచి వచ్చిన బళ్లకు కాలిఫోర్నియాలో స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) తప్పదు కదా. ఇంజిన్ మారిస్తే ఇలాంటి మార్పులు తనిఖీ చేసే స్మాగ్ రిఫరీ స్టేషన్‌లో చూపించి లేబుల్ వేయించుకోవాలి. ఇంజిన్ బండి ఏడాదిదో, అంతకంటే కొత్తదో అయి ఉండాలి. పని మొదలుపెట్టకముందే వాళ్లతో మాట్లాడండి.

నన్ను నిజంగా ఏడిపించింది కూలెంట్. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక, మధ్యలో బండి పొడవునా పైపులు. ఇంజిన్ వేసిన మూడో రోజే ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, హీటర్‌లోంచి చల్లగాలి వచ్చింది. భయంతో చేతులు వణికాయి. మెకానిక్ కూలెంట్ పైపుల్లో చిక్కుకున్న గాలి సరిగా తీయలేదు. మర్నాడు మేమే బండి ముక్కు జాకీతో పైకి లేపి, గ్రిల్ ఊడదీసి, రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేశాం. ఇంజిన్ రేజ్ చేస్తుంటే ముందు బుస్సుమని గాలి, తర్వాత బుడగలు, ఆఖరికి సన్నటి ధార. ధార తెగకుండా వచ్చేదాకా స్క్రూ బిగించకండి.

ఇంకొకటి, సుబారు ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కిందికి బాగా వేలాడుతుంది. పొట్టిది వేయమని ముందే చెప్పండి. నాది స్పీడ్ బ్రేకర్‌కు తగిలి సొట్ట పడ్డాకే మార్చుకున్నాను.