నైట్ షిఫ్టులో లాగ్స్ చూసే ఉద్యోగం... వదిలేయమంటారా?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ చేశాను. ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక కంపెనీ నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో ఎల్1గా (అలర్ట్‌లను మొదట చూసే స్థాయిలో) పనిచేస్తున్నాను. ఎక్కువగా నైట్ షిఫ్టులే. ఏ మెషీన్‌లో ఎప్పుడు ఏం జరిగిందో రాసి ఉండే రికార్డులే లాగ్స్. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు ఆఫీసుల లాగ్ సర్వర్లను ఒకదానితో ఒకటి కలిపేందుకు ప్లాన్ రాసి తెమ్మని మా మేనేజర్ చెప్పారు. ఇంట్లో మాత్రం ఇది మానేసి జావా ఫుల్ స్టాక్ కోర్సులో చేరమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ప్లాన్ రాయండమ్మా. ఏడాది అనుభవానికే ఇలాంటి పని చేతికి రావడం అరుదు. ఇన్నాళ్లూ అలర్ట్ వస్తే టికెట్ రైజ్ చేసి పైవాళ్లకు పంపారు. ఇప్పుడు ఆ అలర్ట్ ఎక్కడ పుట్టి, ఏ దారిన మీ స్క్రీన్ మీదికి రావాలో మిమ్మల్నే చెప్పమంటున్నారు.

లాగ్స్ దాచి వెతికే సాఫ్ట్‌వేర్ గ్రేలాగా, ఎలాస్టిక్‌సెర్చా అని మొదలుపెట్టకండి. అది చివర్లో తేలుతుంది. ముందు లెక్క. మూడు ఆఫీసుల్లోని ఫైర్‌వాల్స్, స్విచ్‌లు, సర్వర్ల నుంచి సెకనుకు ఎన్ని లాగ్స్ వస్తున్నాయో ఒక వారం కొలవండి. సోమవారం ఉదయానికీ ఆదివారానికీ చాలా తేడా ఉంటుంది. సెకనుకు 1,000 లాగ్స్, ఒక్కోటి 500 బైట్లు అనుకుందాం. రోజుకు 43 జీబీ దాటుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్‌ను 180 రోజులు దాచాలి. అంటే దాదాపు 7.8 టీబీ. ఒక సర్వర్ పోయినా డేటా మిగలాలంటే రెండో కాపీ కావాలి, అప్పుడు 15.6 టీబీ. ఈ లెక్క ఒక్క పేజీలో పెట్టి ఇస్తే మీ మేనేజర్ ధైర్యంగా బడ్జెట్ అడగగలరు.

ఇక అసలు విషయం: ఆఫీసుల మధ్య నెట్ లింక్ పడిపోతే ఏమవుతుంది? లాగ్స్ పంపే పాత పద్ధతి సిస్‌లాగ్. అది యూడీపీ (రసీదు అడగకుండా పంపేసే పద్ధతి) పోర్టు 514 మీద పోతుంది. అవతల అందిందో లేదో పంపినవాడికి తెలియదు. అందుకే ప్రతి ఆఫీసులో లాగ్స్ అందుకుని ముందుకు పంపే ఒక రిలే సర్వర్ పెట్టి, దాంట్లో డిస్క్ క్యూతో (పంపలేని లాగ్స్ డిస్క్‌లో వరసగా ఆగేలా) ఆర్‌సిస్‌లాగ్ అనే సాఫ్ట్‌వేర్ నడపండి. అక్కణ్నుంచి హైదరాబాద్‌కు టీఎల్‌ఎస్‌తో (దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసి) పోర్టు 6514 మీద పంపాలి. లింక్ లేనప్పుడు లాగ్స్ రిలేలోనే ఆగి, వచ్చాక కదులుతాయి. క్యూ ఎంత పెట్టాలి? 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు, నెట్ రోజుల తరబడి దెబ్బతిన్నాయి. విశాఖ వాటా సెకనుకు 300 లాగ్స్ అనుకుంటే రోజుకు 13 జీబీ. నాలుగు రోజులకు సరిపడా 60 జీబీ పెట్టమనే నా సలహా. డిస్క్ ఖర్చు ఎంతని?

హైదరాబాద్ సెంటర్‌లో మూడు నోడ్లు, అంటే కలిసి లాగ్స్ దాచే సర్వర్లు, ఉండాలి. సగానికి మించి నోడ్లు నిలిస్తేనే అవి పనిచేస్తాయి. ఒకటి పడినా మిగతా రెండూ మెజారిటీగా నిలుస్తాయి. రెండే పెడితే ఒకటి పడగానే ఆ మెజారిటీ పోతుంది. భారీ డేటాను మధ్యలో ఆపి పంపే కాఫ్కా లాంటివి మీ స్థాయికి ఇప్పుడే అక్కర్లేదు.

చాలామంది మర్చిపోయేది గడియారం. ఫైర్‌వాల్ మన టైమ్‌లో, సర్వర్ యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) ఉందనుకోండి. తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు రాత్రి 2:10కి కనిపిస్తాయి, లాగిన్ అయినట్టు లైన్ మాత్రం ముందురోజు రాత్రి 8:41కి ఉంటుంది. దొంగ ముందు ఇంట్లోకి వచ్చి, తర్వాత తాళం పగలగొట్టినట్టు! నిజానికి మధ్యలో ఉన్నది ఒక్క నిమిషమే, మిగతాదంతా అయిదున్నర గంటల తేడా. అందుకే అన్నీ ఒకే టైమ్ జోన్‌లో లాగ్స్ రాసేలా పెట్టండి. ఇక ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో గడియారాలు కలపాలని ఆ సెర్ట్-ఇన్ ఆదేశాల్లోనే ఉంది. ప్లాన్‌లో ఇది మొదటి పేజీలోనే రాయండి.

అమ్మానాన్నల భయం నాకు అర్థమైంది. రాత్రుళ్లు ఆడపిల్ల ఒంటరిగా క్యాబ్‌లో వస్తుంటే వాళ్లకు నిద్ర పట్టదు. ఈ పని నేర్చుకుంటే సీమ్ ఇంజినీర్ (లాగ్స్‌తో దాడుల్ని పసిగట్టే వ్యవస్థను నడిపేవారు), ఎస్‌ఆర్‌ఈ (సిస్టమ్‌లు ఆగకుండా చూసే ఇంజినీర్) ఉద్యోగాల వైపు దారి ఉందని, ఎప్పటికీ రాత్రంతా స్క్రీన్ ముందు కూర్చునే పని కాదని వాళ్లకు వివరంగా చెప్పండి. కోడింగ్ వద్దని నేననడం లేదు. లైనక్స్, పైథాన్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (టెక్స్ట్‌లో కావాల్సిన ముక్కను వెతికే నమూనాలు) మీకు తప్పనిసరి. వాటికోసం ఉద్యోగం మానక్కర్లేదు.

కంపెనీ ప్లాన్‌ను రెజ్యూమెలో పెట్టకండి, అందులో ఐపీ అడ్రస్‌లు ఉంటాయి. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషీన్లతో చిన్న ల్యాబ్ కట్టండి. నంబర్లు వేసిన 10,000 లాగ్స్ పంపుతూ మధ్యలో లింక్ తెంపండి, పది నిమిషాల తర్వాత మళ్లీ కలపండి. అవతల ఎన్ని చేరాయో లెక్కపెట్టి, తగ్గితే ఎందుకు తగ్గాయో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకు ఆ కాగితం తీసుకెళ్లండి.