ఫోన్ వినేవాళ్లను అడిగేదెవరు?

ప్రశ్న: నిఘా సంస్థలు ఎవరి ఫోనైనా వినొచ్చా? వాళ్లపై తనిఖీ ఎవరిది?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఇష్టమొచ్చినట్టు వినకూడదండి. మామూలుగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి కారణాలు రాసి ఆదేశమివ్వాలి. అది 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు. ఆ ఆదేశం నకలు 7 పనిదినాల్లో సమీక్ష కమిటీకి చేరాలి.

చిక్కంతా ఆ కమిటీతోనే. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు, సభ్యులూ కార్యదర్శులే. జడ్జి లేడు, ప్రతిపక్షం లేదు. ఆదేశమిచ్చేదీ, అది సబబేనని తేల్చేదీ ప్రభుత్వమే అయితే ఇక తనిఖీ ఎక్కడ? 1996లో సుప్రీంకోర్టు కూడా ముందస్తు కోర్టు అనుమతిని తప్పనిసరి చేయలేదు. బ్రిటన్‌లో 2016 చట్టం వచ్చాక మంత్రి సంతకం ఒక్కటే చాలదు, జడ్జిగా చేసిన న్యాయ కమిషనర్ కూడా ఒప్పుకోవాలి. మనకూ అలాంటిది రావాల్సిందే. కేంద్ర నిఘా సంస్థ ఐబీకైతే పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమే లేదు.

సమాచార హక్కు కింద 'నా ఫోన్ వింటున్నారా' అని అడిగితే భద్రత పేరు చెప్పి తిప్పికొడతారు. అంకెలు అడగండి: ఏడాదిలో కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని ఆదేశాలు చూసింది, ఎన్ని రద్దు చేసింది. 10 రూపాయల రుసుముతో వెలగపూడిలోని హోం శాఖ సమాచార అధికారికి పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా అప్పీలు వేయండి. అవసరం లేని ఆదేశాల రికార్డులను ఆరు నెలలకోసారి నాశనం చేస్తారు కాబట్టి జాగు చేయొద్దు.