నిద్రమాత్ర వేసి తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, వచ్చే నెల నాలుగు రోజులు టూర్‌కి వెళ్తున్నాం. కారులో ఆరు గంటల ప్రయాణం. మా కుక్క బ్రూనోకి మూడేళ్లు. కారెక్కిన అరగంటకే చొంగ కార్చి వాంతి చేసుకుంటాడు. వాడు రాకపోతే మేమూ రామని పిల్లల పేచీ. ఎక్కడైనా వదిలి వెళ్దామంటారు మావారు. నిద్రమాత్ర వేసి తీసుకెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిద్రమాత్ర వద్దమ్మా. మత్తులో ఉన్న కుక్క మలుపుల్లో నిలదొక్కుకోలేదు. వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. మత్తుమందు వేరు, వాంతి మందు వేరు. కుక్కల ప్రయాణపు వాంతులకు మారోపిటెంట్ అనే మందు ఉంది. బ్రూనోను తూచి మీ డాక్టరే డోసు రాయాలి. ఇంట్లో మీరు వేసుకునే మాత్రను సగం విరిచి మాత్రం వేయకండి.

అసలు బ్రూనోను కారెక్కించేది ఎప్పుడు? బహుశా ఇంజెక్షన్‌కి తీసుకెళ్లేటప్పుడే. అలాంటప్పుడు కారు చూస్తేనే వాడికి టెన్షన్. సగం వాంతులు ఆ భయం వల్లే. మీకింకా నెల టైముంది. ముందు ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టి ఇష్టమైనది పెట్టండి. తర్వాత ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా. ఆ తర్వాత వీధి చివరిదాకా. రోజూ కాస్త దూరం పెంచుతూ, చివర్లో వాడు పరిగెత్తే చోటికి తీసుకెళ్లండి.

బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. మా చింటూని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు, దారిలో ఆకలేస్తుందని గిన్నె నిండా పెట్టాను. పేరుకు కుక్కల డాక్టర్ని! నలభై నిమిషాల తర్వాత అదంతా నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

అంతటితో ఆగలేదు. బస దగ్గర గొలుసు పట్టుకోకుండానే కారు డోర్ తీశాను. కళ్లు మూసి తెరిచేలోగా మాయం. ఎవరో మంచివాళ్లు వాడిని పట్టుకుని, మెడలోని బిళ్ల మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశారట. అది మా ఇంటి ల్యాండ్‌లైన్! మేమంతా ఇక్కడ చింటూ చింటూ అని అరుస్తుంటే, తాళం వేసిన ఇంట్లో ఫోన్ మోగుతూ ఉంది. రెండు గంటల తర్వాత మా కేకలు వినబడి వాళ్లే తీసుకొచ్చారు. బిళ్ల మీద మీ సెల్ నంబరు రాయించండి. గొలుసు చేతికి అందాకే డోర్ తీయండి.

ఇంకో మాట. దారిలో టీ తాగి వచ్చేద్దామని వాడిని కారులో వదిలి దిగకండి. బయట హాయిగా 21 డిగ్రీలే ఉన్నా, మూసిన కారులో పది నిమిషాలకు 32, అరగంటకు 40 అవుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. చప్పిడి ముక్కు పగ్‌లు, బుల్‌డాగ్‌లకు అదీ సరిగ్గా చేతకాదు.

ఇక మీవారి మాట. ఆ నాలుగు రోజులూ మీరు చూడబోయే చోట్లకు కుక్కను రానిస్తారా? లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొత్త గదిలో ఒంటరిగా ఉంచాలా? రెండోదైతే మీవారిదే రైటు. వాడికి అలవాటున్న మనిషి దగ్గర వదిలిపెట్టండి. పిల్లలకు నేను చెప్పానని చెప్పండి.

తీసుకెళ్లినా, వదిలినా, వాడు పడుకునే పాత దుప్పటి వాడితో పంపండి. ఉతక్కుండా.