దుకాణం కంప్యూటర్‌కు దొంగ తాళం

ప్రశ్న: చిక్కపేటలో మాకు చీరల హోల్‌సేల్ దుకాణం ఉంది. లెక్కలన్నీ ట్యాలీలోనే. ఆడిటర్ గారి గుమస్తా తన ఇంటి నుంచే మా కంప్యూటర్‌లోకి వచ్చి జీఎస్టీ పని చూస్తారు. ఈ మధ్య మా వీధిలో ఒకరి ఫైళ్లేవీ తెరుచుకోకుండా పోయి, డబ్బు కట్టమని తెర మీద నోటీసు వచ్చింది. మా బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. అది చాలదా? మాకూ అలా జరిగితే డబ్బు కట్టడం మేలా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చాలదు. ఎప్పుడూ తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్ ఆ కంప్యూటర్‌కు మరొక డ్రైవ్ మాత్రమే కాబట్టి, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాము) లోపలికి వచ్చిందంటే మిగిలిన డ్రైవ్‌లతో పాటు దానినీ ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చేస్తుంది. విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలను (ఫైళ్ల పాత నకళ్లను) ముందుగానే చెరిపివేయడం కూడా ఈ దాడులు చేసే ముఠాలకు అలవాటు. గూగుల్ డ్రైవ్‌తో సింక్ చేసుకున్నా, పాడైన ఫైలే వెళ్లి మంచి ఫైలు స్థానంలో చేరుతుంది.

అందుచేత రెండు హార్డ్‌డిస్కులు పెట్టుకోండి. సాయంత్రం దుకాణం కట్టేముందు ఒకదానిలోకి బ్యాకప్ తీసి, వెంటనే ఊడదీసి ఇంటికి తీసుకెళ్లండి. మర్నాడు రెండవది వాడండి. నెలకొకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, పాత బిల్లులు, పార్టీల బాకీలు సరిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఈ పరీక్ష జరగని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచవలసిన బాధ్యత మీదే కనుక, పోయేది రావలసిన బాకీల జాబితా ఒక్కటే కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం గుమస్తా గారు లోపలికి వచ్చే దారి. రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సౌకర్యాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే, పాస్‌వర్డ్‌లను ఒకటి తరువాత ఒకటి ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు దానిని తడుతూనే ఉంటాయి. ఆ దారి మూయించి, వీపీఎన్ (బయటివారికి కనిపించని రక్షిత దారి) ద్వారా, ఫోనుకు వచ్చే రెండవ ధృవీకరణతో మాత్రమే ప్రవేశం ఉండేలా చేయించండి. ఆయన ఇతర దుకాణాలకు వాడే పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండకూడదు. బిల్లింగ్‌కు అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడవద్దు.

అప్‌డేట్‌లను వాయిదా వేయకండి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు, అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసి ఉంది. అది వేసుకోని కంప్యూటర్లే సుమారు 150 దేశాల్లో చిక్కుకున్నాయి. మీది విండోస్ 10 అయితే, దాని సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇక డబ్బు సంగతి. కట్టవద్దనే నా సలహా. అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ 2021లో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించినా, దొంగలిచ్చిన సాధనం మరీ నెమ్మదిగా నడవడంతో సొంత బ్యాకప్‌లనే ఆశ్రయించవలసి వచ్చింది. అంత డబ్బు కట్టినవారికే అది దక్కిన ఫలితం. దాడి జరిగిందని తెలియగానే నెట్‌వర్క్ కేబుల్ పీకి, వైఫై ఆపండి, నోటీసును ఫోటో తీయండి, ఫార్మాట్ చేయించవద్దు. 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం, సంగతి తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కూ తెలియజేయాలి. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ భాగస్వామిగా నడుస్తున్న నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు విడిపించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న: పీణ్యలో మా వర్క్‌షాప్‌లోని సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రం) కంప్యూటర్ ఇంకా విండోస్ 7 మీదనే నడుస్తోంది. కొత్తదానిలో ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయదు. ఏం చేయాలి?
- మరొక పాఠకుడు, బెంగళూరు

జవాబు: దానిని ఇంటర్నెట్‌కూ, ఆఫీసు నెట్‌వర్క్‌కూ పూర్తిగా దూరం చేయండి. ప్రోగ్రాములు తెచ్చే పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉండాలి. దానిని ముందుగా అప్‌డేట్ అయిన మరొక కంప్యూటర్‌లో స్కాన్ చేయించాలి. మెషీన్ పారామీటర్లకు, ప్రోగ్రాములకు ఒక నకలు తీసి వర్క్‌షాప్ బయట ఉంచుకోండి.